ఒక మండలం, వెయ్యి ఫారం 7లు: ఓట్ల తొలగింపు మీద ఒక కేస్ స్టడీ

ఎన్నికల మోసం అనగానే మనవాళ్లకి రెండే గుర్తొస్తాయి. ఒకటి ఈవీఎం, రెండోది పోలింగ్ ముందు రాత్రి పంచే కవర్లు. రెవెన్యూలో పాతికేళ్లు పనిచేసి, అందులో చాలాకాలం ఎన్నికల డీటీ (డిప్యూటీ తహసీల్దార్) సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు మాత్రం ముందు ఓటర్ల జాబితా గుర్తొస్తుంది. మనిషిని మీట దాకా పోనివ్వకుండా గుమ్మంలోనే ఆపేసే మోసం అక్కడే జరుగుతుంది, అదీ చొక్కా నలక్కుండా, మన ఆఫీసు ఫారాల మీదే, మన సంతకాలతోనే.

ఇది 2019 ఎన్నికల ముందు కోస్తాలో ఒక మండలంలో జరిగింది. ఊరి పేరు, మనుషుల పేర్లు, పార్టీల పేర్లు చెప్పను, అడగొద్దు. ఊరిని గుర్తుపట్టే వీల్లేకుండా అంకెల్ని కూడా కొంచెం అటూ ఇటూ చేశాను. ఈ సీట్లో కొత్తగా కూర్చునే కుర్రాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా, మేం ఎక్కడ తప్పు చేశామో కూడా దాచకుండా.

అప్పటి పరిస్థితి

2019 జనవరి 11న తుది జాబితా వచ్చింది. మామూలుగా అయితే తుది జాబితా రాగానే ఊపిరి పీల్చుకుంటాం, కానీ ఆ ఏడాది ఎవరికీ నిద్ర లేదు. ఎందుకంటే అంతకు నెల ముందే, 2018 డిసెంబర్ 7న తెలంగాణలో పోలింగ్ జరిగింది, చేతిలో ఓటరు కార్డు పెట్టుకుని బూత్‌కి వెళ్లినవాళ్లు జాబితాలో పేరు లేదని తిరిగొచ్చారు. ఆ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మా మండలం నుంచి హైదరాబాద్‌లో మేస్త్రీ పనికో, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పనికో వెళ్లినవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్లు పండక్కి వచ్చి చెప్పిన కథలతో సంక్రాంతికే ఊళ్లలో భయం మొదలైంది. ఇంకో పక్క అక్కడా ఇక్కడా రెండు ఓట్లున్నవాళ్లు కూడా నిజంగానే ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒకళ్లకి భయం, ఇంకొకళ్లకి అనుమానం, రెండింటికీ కొంత ఆధారం ఉంది. మోసం చేసేవాడికి ఇంతకన్నా మంచి వాతావరణం ఉండదు.

ఫారం 7 సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫారం 6 ఓటు చేర్చమని, ఫారం 8 తప్పులు దిద్దమని, ఫారం 7 ఫలానా పేరు తీసేయమని. చనిపోయారనో, ఊరు మారారనో, రెండు చోట్ల ఉన్నారనో కారణం చూపించాలి. తన ఓటే కాదు, పక్కవాడి ఓటు మీద కూడా అభ్యంతరం పెట్టొచ్చు. షరతు ఏంటంటే, పెట్టేవాడు కూడా ఆ జాబితాలో ఓటరై ఉండాలి. చెడ్డ ఏర్పాటేం కాదు, చనిపోయినవాళ్ల పేర్లు తొలగించడానికి అది కావాలి కూడా. కిటుకు ఎక్కడుందంటే ఆ ఫారం నింపడానికి కావాల్సిన వివరాలన్నీ, అంటే పేరు, పార్ట్ నంబర్ (జాబితాలో ఏ పోలింగ్ కేంద్రం భాగమో చెప్పేది), సీరియల్ నంబర్, కార్డు నంబర్, అన్నీ వెబ్‌సైట్లో ఎవరైనా దించుకోగలిగే జాబితాలోనే ఉంటాయి. అర్జీదారు వివరాలూ అందులోనే దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో నింపేవాడు తానే ఆ అర్జీదారునని రుజువు చేసుకోవాల్సిన గట్టి ఏర్పాటు అప్పటికి లేదు. ఒక ఫోన్ నంబర్ చాలు.

సమస్య ఎలా వచ్చి పడింది

మొదట సంచిలో వచ్చింది. ఫిబ్రవరిలో ఒక నాయకుడి మనిషి రెండొందల దాకా ఫారం 7లు కట్ట కట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టి, రసీదు ఇవ్వమన్నాడు. చూస్తే ఒకే దస్తూరీ, ఒకే పెన్ను. గంపగుత్తగా తీసుకోవడానికి లేదు, పార్టీ బూత్ ఏజెంట్ అయితే రోజుకి పది వరకు, అదీ తాను స్వయంగా విచారించానని రాసిచ్చి ఇవ్వాలి, మొత్తం ముప్పై దాటితే అధికారే వెళ్లి చూడాలి అని నిబంధన చూపించి వెనక్కిచ్చాను. అతను గొడవ పడలేదు. "సరే డీటీ గారూ, వేరే దారి ఉందిలెండి" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

వారం తర్వాత ఒక పొద్దున ఈఆర్వో నెట్, అంటే ఓటర్ల అర్జీలన్నీ వచ్చే ఎన్నికల సాఫ్ట్‌వేర్, తెరిచిన ఆపరేటర్ కుర్రాడు నన్ను కేకేశాడు. వారానికి అయిదారు ఫారం 7లు వచ్చే మా మండలానికి రాత్రికి రాత్రి మూడొందలు వచ్చాయి. నాలుగు రోజుల్లో లెక్క పదకొండు వందలు దాటింది. సంచిలోవాళ్లే వీళ్లని నేను రుజువు చేయలేను, కాబట్టి ఆ మాట ఇక్కడితో వదిలేస్తున్నా. మా ఒక్క మండలమే కాదు, రాష్ట్రమంతా లక్షల్లో వచ్చాయని తర్వాత పేపర్లలో చూశాం.

చేతిలో ఉన్న టైమ్ చూడండి. మార్చి 10న షెడ్యూల్ వచ్చింది. 25న నామినేషన్ల గడువు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నామినేషన్ల ఆఖరి రోజు దాటాక జాబితాలో పేరు చేర్చడానికీ లేదు, తీయడానికీ లేదు. పోలింగ్ ఏప్రిల్ 11న. అంటే ఒక్క నెలలో పదకొండు వందల మంది ఓటు ఉంచాలా తీయాలా తేల్చాలి. ఒక పార్టీవాళ్లు వచ్చి అన్నీ కొట్టేయమంటారు, ఇంకో పార్టీవాళ్లు వచ్చి విచారణ లేకుండా కొట్టేస్తే మీ మీద కేసు వేస్తామంటారు. రెండో మాట ఉత్త బెదిరింపేం కాదు. జాబితా పనిలో విధి తప్పిన అధికారికి అదే చట్టం సెక్షన్ 32 కింద మూడు నెలలకి తగ్గకుండా రెండేళ్ల దాకా జైలుంది. ఆ నెలంతా ఆఫీసులో ఎవరి మొహం చూసినా టెన్షనే.

మేం ముందు చేసినవి, అవి ఎందుకు పని చేయలేదు

మొదట అందరూ చేసేదే చేశాం. ఫారాలు పోలింగ్ కేంద్రాల వారీగా విడగొట్టి బీఎల్వోలకి (బూత్ స్థాయి అధికారులకి) ఇచ్చి, ఇంటికెళ్లి చూసి రాయమన్నాం. మా బీఎల్వోల్లో ఎక్కువమంది అంగన్‌వాడీ టీచర్లు. పొద్దున పిల్లలకి గుడ్డు, పాలు పెట్టి, రిజిస్టర్లు రాసి, పదకొండింటికి బయల్దేరేవాళ్లు. ఫిబ్రవరి, మార్చి అంటే మా వైపు మిరప కోతలు. తెల్లారి అయిదింటికే ఆటోల్లో ఊరు ఊరంతా చేలకి పోతుంది. కొందరు కుటుంబంతో సహా పది, పదిహేను రోజులు పక్క మండలాల్లో చేల దగ్గరే ఉండిపోతారు. టీచరమ్మ వెళ్లేసరికి ఇల్లు తాళం. ఫారం మీద "డోర్ లాక్" అని రాసేది. ఆ ముక్క వీఆర్వో దగ్గరికి వచ్చేసరికి "అందుబాటులో లేరు" అయ్యేది, కంప్యూటర్లో కొట్టేసరికి "షిఫ్టెడ్" అయ్యేది. మూడు చేతులు మారేసరికి చేనికి పోయిన మనిషి ఊరు మారిపోయాడు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, అసలు భయపడాల్సింది అందుకే. తాత్కాలికంగా ఇంట్లో లేనంత మాత్రాన నివాసం పోయినట్టు కాదని సెక్షన్ 20లో స్పష్టంగా ఉంది, కానీ కంప్యూటర్లో ఆ మాటకి ప్రత్యేకంగా గడి లేదు. ఒక సాయంత్రం ఊరికే రెండు కాగితాలు తీసి చూస్తుంటే, "షిఫ్టెడ్" అని ఉన్న మనిషి అదే రోజు పొద్దున మా ఆఫీసులోనే అడంగల్ కోసం నిలబడిన సంగతి గుర్తొచ్చింది. అక్కడితో ఆ రిపోర్టులన్నీ పక్కన పెట్టించాను.

రెండోది, కంప్యూటర్‌ని నమ్మడం. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, దగ్గర వయసు ఉంటే సాఫ్ట్‌వేర్ జంట ఓట్లుగా చూపిస్తుంది. రెండు ఓట్లున్నాయని వచ్చిన అర్జీలని దాంతో పోల్చి చూద్దాం, నిజమైనవి తేలతాయి అనుకున్నాం. మా వైపు సంగతి తెలిసినవాడెవడూ అలా అనుకోడు, నేను ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలీదు. ఒక్క పార్ట్‌లోనే షేక్ మస్తాన్‌వలిలు పది మంది దాకా తేలారు, అందులో ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒకటే. వెంకటేశ్వర్లు కొడుకు నాగేశ్వరరావులు వీధికొకరు. డోర్ నంబర్ చూద్దామంటే సగం ఊరికి 1-1 అని ఉంది, మిగతా సగానికి సున్నా. ఆ జాబితా ప్రకారం పోతే మోసగాడు అడిగిన దానికన్నా మేమే ఎక్కువ ఓట్లు తీసేసేవాళ్లం.

మూడోది చట్టం చేయమన్నదే, కానీ తొందరలో వరస తప్పి చేశాం. అభ్యంతరం వచ్చిన ప్రతి ఓటరుకీ ఫారం 14 నోటీసు పంపించాం, ఎవరు ఎవరి మీద అభ్యంతరం పెట్టారో ఆ జాబితా పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం. నోటీసు అందుకున్న ముసలాళ్లు గవర్నమెంటే ఓటు తీసేస్తోందని, ఓటు పోతే పింఛను పోతుందని ఏడుస్తూ ఆటోలు మాట్లాడుకుని ఆఫీసుకొచ్చారు. అదైనా సర్ది చెప్పుకోవచ్చు. గోడ మీద జాబితా మాత్రం కొంపలంటించింది. అందులో అర్జీదారు పేరు ఉంటుంది గదా, అది చూసి జనం నేరుగా ఆ మనిషి ఇంటి మీదికి పోయారు. ఒక ఊళ్లో రెండు ఇళ్ల మధ్య కర్రలు లేచాయి, ఎస్సై వెళ్లాల్సి వచ్చింది.

ఎక్కడ దారి దొరికింది

ఆ గొడవ జరిగిన ఊరికి నేనూ వెళ్లాను. దెబ్బలు తగలబోయిన మనిషి ఒట్లు పెట్టుకుంటున్నాడు, "నాకసలు ఫారం ఏడంటే ఏందో తెలీదు సార్, నా పిల్లల మీద ఒట్టు" అని. గొడవల్లో ఒట్లు చాలా చూశాను, పెద్దగా నమ్మను. కానీ తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆలోచిస్తే, ఇన్ని రోజులుగా మేం ఒక్కసారి కూడా అర్జీదారుని పిలవలేదని తట్టింది. ఎవరి ఓటు తీయమన్నారో వాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాం, తీయమన్నవాడు ఎవడో చూడలేదు.

ఆఫీసుకొచ్చి ఆపరేటర్‌ని ఎక్సెల్‌లో ఆ పదకొండు వందల్ని అర్జీదారు పేరు మీద సార్ట్ చేయమన్నాను. పది సెకన్ల పని. పదకొండు వందల అర్జీల వెనక ఉన్న పేర్లు ముప్పై ఎనిమిది. ఒక్కో పార్ట్‌కి ఒకరో ఇద్దరో. మామూలు మనిషి అభ్యంతరం పెడితే తన వీధిలో, తన గొడవల్లో ఉన్నవాళ్ల మీద పెడతాడు, రెండో మూడో పెడతాడు. ఇక్కడ ఒకాయన పేరు మీద ఊరి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నలభై చిల్లర ఉన్నాయి, అన్నీ రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట లోపల, నిమిషానికి ఒకటి చొప్పున. పైగా చాలా పేర్లకి ఇచ్చిన ఫోన్ నంబర్లు స్విచాఫ్.

ఆయన్ని పిలిపించాం. డెబ్బై దాటిన మనిషి, పంచె, భుజాన తుండు, జేబులో రబ్బరు బ్యాండు వేసిన బటన్ ఫోన్. కుర్చీ వేస్తే కూర్చోనంటాడు.

"పెద్దాయనా, ఈ నలభై మంది ఓట్లు తీసేయమని మీరు అర్జీ పెట్టారా?"

"నేను పెట్టింది పింఛను అర్జీ ఒక్కటే నాయనా. అది పెట్టి మూడేళ్లయింది."

పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించాను. పదో పదకొండో పేరు దగ్గర ఆపమన్నాడు. "వాడు మా అన్న కొడుకయ్యా. వారం నుంచి మా గుమ్మం తొక్కట్లేదు. ఇందుకా?" అని అక్కడే తుండుతో మొహం తుడుచుకున్నాడు. వీఆర్వో సాక్షిగా వాంగ్మూలం రాసుకుని వేలిముద్ర తీసుకున్నాం. వెళ్తూ వెళ్తూ, అన్న కొడుక్కి ఈ కాగితం జిరాక్స్ ఒకటి ఇవ్వమని అడిగాడు. నిబంధనల్లో ఉందో లేదో చూడకుండా ఇచ్చేశాను.

అక్కడి నుంచి వరస మార్చాం. ముందు ఫారం 13 నోటీసుతో అర్జీదారుని పిలవడం, నువ్వే పెట్టావా, పెడితే నీ దగ్గర ఆధారం ఏంటి అని అడగడం. దీనికి చట్టం మద్దతు కూడా ఉంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, ఒకసారి జాబితాలో పేరు చేరిందంటే అది సక్రమంగానే చేరిందని అనుకోవాలి, తీయాలంటే ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం నిజంగా ఇవ్వాలి. నిరూపించాల్సిన భారం అభ్యంతరం పెట్టినవాడిది. మేం మొదటి రెండు వారాలు దాన్ని తలకిందులు చేసి, ఓటరు మీద వేశాం.

గోడ మీద జాబితా పెట్టడం మానలేదు, అది మానడానికి లేదు. కానీ దాని పక్కనే, "ఈ అర్జీలు పేర్లున్నవారే పెట్టారని ఇంకా నిర్ధారణ కాలేదు, విచారణ జరుగుతోంది" అని పెద్దక్షరాలతో ఒక కాగితం అంటించాం. ఒకటో తారీఖున పింఛన్ల కోసం అందరూ పంచాయతీ దగ్గర చేరితే వీఆర్వోలు జాబితా చదివి వినిపించారు. గోడ మీద కాగితం చదివేవాళ్లకన్నా ఇలా విన్నవాళ్లే ఎక్కువ.

ముప్పై ఎనిమిది మందిలో ఇరవై తొమ్మిది మంది మాకు తెలీదన్నారు. నలుగురు అవును, మేమే పెట్టాం అన్నారు. అయిదుగురు దొరకలేదు. ఆ అయిదుగురిలో ఇద్దరు ఎందుకు దొరకలేదంటే, ఏడాది కిందటే చనిపోయారు. పోయినవాళ్ల పేరు ఇంకా జాబితాలో ఉంది కాబట్టి వాళ్లకి అభ్యంతరం పెట్టే అర్హతా ఉంది! "పైన కూడా నెట్ వస్తున్నట్టుంది సార్" అన్నాడు మా ఆపరేటర్.

కష్టమైన నిర్ణయాలు

అర్జీదారే కాదన్నాక ఆ అర్జీలన్నీ ఒక్క కలం పోటుతో కొట్టేయొచ్చు. కొట్టేయమని పైనుంచి కూడా ఒక ఫోన్ వచ్చింది. కానీ ఆ దొంగ అర్జీల్లో అరవై మంది దాకా నిజంగానే చనిపోయినవాళ్లు ఉన్నారు. ఇది తెలివిగా కలిపిన కల్తీ. నాలుగు నిజాలు పైన కనబడేలా పెడితే బీఎల్వో మొదటి రెండిళ్లు చూసి, నిజమే గదా అని మిగతావీ అదే గాటన కట్టేస్తుంది. ఇప్పుడేం చేయాలి? అర్జీ అబద్ధం, అందులో రాసిన విషయం నిజం. ఒప్పుకుంటే దొంగ సంతకానికి మేం ముద్ర వేసినట్టు. మొత్తం కొట్టేసి ఊరుకుంటే అరవై మంది పేర్లు జాబితాలో మిగులుతాయి, పోలింగ్ రోజు ఆ పేర్ల మీద ఎవడు వచ్చి వేస్తాడో తెలీదు. ఓట్లు తీసేసే మోసాన్ని ఆపబోయి దొంగ ఓట్లకి తలుపు తీసినట్టవుతుంది.

రెండు రోజులు తర్జనభర్జన పడి, రెండు ఫైళ్లుగా విడగొట్టాం. అర్జీ ఫైలులో ఒక్కొక్క దానికి విడివిడిగా, "అర్జీదారు తాను పెట్టలేదని వాంగ్మూలం ఇచ్చినందున తిరస్కరించడమైనది" అని కారణంతో ఉత్తర్వు. చనిపోయినవాళ్ల సంగతి పంచాయతీ మరణాల రిజిస్టర్, కుటుంబంలో ఒకరి వాంగ్మూలం ఆధారంగా వేరే ఫైలులో, ఆఫీసే స్వయంగా చేపట్టినట్టు. డబుల్ పని, ఆపరేటర్ నన్ను తిట్టుకున్నాడు. కానీ తర్వాత రెండు వైపుల నుంచీ సమాచార హక్కు దరఖాస్తులు వచ్చినప్పుడు ఆ ఫైళ్లే మమ్మల్ని కాపాడాయి.

తేలని కేసుల సంగతి ఇంకో రకం. ఇల్లు తాళం, పక్కవాళ్లు ఒకళ్లు ఉన్నారంటారు, ఒకళ్లు వెళ్లిపోయారంటారు. ఇలాంటివాళ్ల పేర్లు తీయకుండా ఏఎస్‌డీ జాబితాలో, అంటే ఇంట లేనివాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి ఇచ్చే జాబితాలో పెట్టాం. ఆ జాబితాలో ఉన్నా మనిషి వస్తే ఓటు వేయొచ్చు, కాకపోతే గుర్తింపు కార్డు గట్టిగా చూస్తారు, వేలిముద్ర, డిక్లరేషన్ తీసుకుంటారు. నిజమైన ఓటరుకి అయిదు నిమిషాల ఆలస్యం, దొంగ ఓటరుకి వేలిముద్ర భయం. అనుమానం వచ్చిన ప్రతి పేరూ తీసేయాలన్న తొందర మా శాఖలో చాలామందికి ఉంటుంది, ఈ మధ్యే దారి ఉందన్న సంగతి శిక్షణలో ఒక్క నిమిషం చెప్పి దాటేస్తారు.

బీఎల్వోల విషయంలో మార్చింది చిన్నది. పొద్దున ఆరు లోపలో, రాత్రి ఏడు తర్వాతో వెళ్లాలి. రెండుసార్లు వెళ్లాలి. "డోర్ లాక్" అనే మాట రాస్తే తారీఖు, గంట రాయాలి. "షిఫ్టెడ్" అని రాస్తే ఎక్కడికి షిఫ్టో రాయాలి, అది తెలియకపోతే ఆ మాట రాయకూడదు. టీచరమ్మలు రాత్రిపూట ఒంటరిగా ఎలా వెళ్తాం అన్నారు, న్యాయమే, వీఆర్‌ఏలని తోడు పంపించాం.

పోలీసుల దగ్గర ఒక సంగతి నేర్చుకున్నాను. అబద్ధపు డిక్లరేషన్‌కి 1950 చట్టంలో సెక్షన్ 31 ఉంది గదా అని ఫిర్యాదు రాసుకుని వెళ్లాను. అది ఏడాది లోపు శిక్ష, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా మేం దర్యాప్తు చేయలేం అన్నారు స్టేషన్‌లో. తిరిగొచ్చి, ఇంకొకరి పేరుతో కంప్యూటర్ ద్వారా మోసం చేయడం కిందికి వచ్చే ఐటీ చట్టం 66డి కూడా చేర్చి, ఇరవై తొమ్మిది వాంగ్మూలాలు జతచేసి ఇస్తే ఎఫ్‌ఐఆర్ అయింది. అయితే ఆ అర్జీలు ఏ కంప్యూటర్ నుంచి వచ్చాయన్న వివరాలు మా దగ్గర ఉండవు, పైవాళ్లు ఇవ్వాలి. నేను బదిలీ అయ్యేదాకా అవి స్టేషన్‌కి రాలేదు. కాబట్టి ఎవరు చేశారన్న ప్రశ్నకి ఈ కేస్ స్టడీలో జవాబు లేదు.

ఇందులో నాకు తెలిసొచ్చింది

మోసం పట్టుకోవాలంటే మోసగాడి పని ఎక్కడ తేలికో అక్కడ చూడాలి. పదకొండు వందల మంది ఓటర్లని తయారు చేయడం వాడి వల్ల కాదు, వాళ్లు జాబితాలోనే ఉన్నారు. వాడు తయారు చేయాల్సింది అర్జీదారుల్ని, అందుకే తక్కువమందితో సరిపెట్టుకున్నాడు, అందుకే వాడు దొరక్కపోయినా మోసం బయటపడింది. వెయ్యి తలుపులు తట్టడం కన్నా ముప్పై ఎనిమిది మందిని పిలవడం మాకు తేలిక. ఇది నా గొప్పేం కాదు. 2023లో కర్ణాటకలోని ఆళంద నియోజకవర్గంలో కూడా ఇలాగే 6,018 ఫారం 7లు వస్తే విచారణలో నిజమైనవి 24 మాత్రమే తేలాయి. 2025లో ఆన్‌లైన్ అర్జీలకి ఆధార్ ఫోన్‌తో ఈ-సైన్ పెట్టారు. ఆరేళ్ల ముందే ఉంటే మా పెద్దాయన అన్న కొడుకుతో మాటలు పోగొట్టుకునేవాడు కాదు.

కానీ సైన్ ఉన్నంత మాత్రాన అర్జీ నిజం అయిపోదు. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పి ఆపుతా.

మేమే పెట్టాం అన్న నలుగురు ఉన్నారు గదా, వాళ్లవీ, బూత్ ఏజెంట్లు కాగితం మీద ఇచ్చినవీ కలిపి నూట యాభై దాకా ఉన్నాయి. మనుషులు నిజం, సంతకాలు నిజం. దొంగ అర్జీలతో అలిసిపోయి ఉన్నామేమో, వీటి దగ్గరికి వచ్చేసరికి ప్రాణం హాయిగా అనిపించింది. ఇంచుమించు సగం ఒప్పుకున్నాం, ఎక్కువ చనిపోయినవాళ్లే.

పోలింగ్ రోజు మధ్యాహ్నం ఒక బూత్ నుంచి ఫోన్. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, చంకలో నెలల బిడ్డ, చేతిలో ఓటరు కార్డు, జాబితాలో పేరు లేదు. వెళ్లాను. కాన్పుకి పుట్టింటికి వెళ్లింది, మూడు నెలలు అక్కడే ఉంది, పోలింగ్ కోసమే మొగుడు తీసుకొచ్చాడు. నామినేషన్ల గడువు దాటి పదిహేడు రోజులైంది, చేయడానికి ఏమీ లేదు. ఎవరైనా తన పేరున ఓటు వేసేసి ఉంటే టెండర్ ఓటైనా ఇప్పించేవాణ్ణి, జాబితాలోనే లేకపోతే అదీ కుదరదు. "కార్డుంది గదండీ" అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు, బిడ్డని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం మెటీరియల్ అంతా అప్పజెప్పాక ఆమె ఫైలు తీయించాను. అభ్యంతరం పెట్టింది అదే వీధిలో ఉండే బూత్ ఏజెంట్. ఆ ఇంట్లో మూడు నెలలుగా ఆమె కనబడలేదు కాబట్టి వెళ్లిపోయిందనుకున్నాడు, అనుకున్నదే రాశాడు. మేం పిలిస్తే వచ్చి, తానే పెట్టానని ధైర్యంగా సంతకం చేశాడు. దాని కింద బీఎల్వో రిపోర్టు ఉంది, ఒకే ఒక్క లైను, "డోర్ లాక్". పక్కన ఫిబ్రవరి తారీఖు ఉంది గానీ గంట లేదు. రెండోసారి వెళ్లినట్టు ఎక్కడా లేదు. ఆ కాగితం మీద కుడి చేతి మూల చిన్న ఇనీషియల్ ఉంది, అది నాదే.